పద్దెనిమిదో కదలిక

ఆదివారం ఉదయం పదకొండు గంటల ఆరు నిమిషాలకు సార్టర్ బ్లాక్ బెల్టు పరీక్షలో రెండోసారి తప్పింది.

పరీక్ష స్పోర్ట్స్ సెంటర్ మొదటి అంతస్తు హాల్లో జరిగింది. ముగ్గురు పరీక్షకులు బల్ల వెనక కూర్చున్నారు. పెద్ద పరీక్షకుడు కాగితం మీద రెండు ముక్కలు రాసి, మడిచి ఆమె చేతికిచ్చాడు. మెట్ల దగ్గరికొచ్చాక ఆమె విప్పి చూసింది. ‘పద్దెనిమిదో కదలికలో కుడి చేయి పూర్తిగా చాచడం లేదు. జంకు.’ ఆరు నెలల కిందట మొదటిసారి తప్పినప్పుడు ఇచ్చిన కాగితం ఆమె బ్యాగులోనే ఉంది. అందులోనూ పద్దెనిమిది అంకె ఉంది. జంకు అన్న మాట లేదు.

ఆమెకు నలభై నాలుగేళ్ళు. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని. ఎనభై గూళ్ళున్న చెక్క బీరువా ముందు నిలబడి, చిరునామా చదివి, ఏ పేట ఉత్తరం ఆ గూట్లో వేస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా అదే పని. ఆఫీసులోనూ, కరాటే క్లాసులోనూ ఆమెను సార్టర్ అనే పిలుస్తారు.

క్లాసులోని బస్సు డ్రైవరు మెట్ల కింద నిలబడి ఉన్నాడు.

“ఏమైందక్కా?”

“తప్పాను.”

“దేంట్లో?”

“జంకానట.”

“నువ్వా? పోయిన వారం నా పెదవి చిట్లగొట్టావు. అప్పుడు జంకలేదే.”

“అది పొరపాటున తగిలింది.”

“ఆ పొరపాటేదో వాళ్ళ ముందు చెయ్యాల్సింది.”

అతను నవ్వలేదు. ఆమె తప్పితే ఏమవుతుందో క్లాసులో అందరికీ తెలుసు. ఉదయం ఆరు నుంచి ఏడు దాకా హాలు వాళ్ళది. బ్లాక్ బెల్టు ఉన్నవాళ్ళు ఒకరు బాధ్యత తీసుకుని సంతకం చేస్తేనే సెంటరు హాలు ఇస్తుంది. పద్నాలుగేళ్ళుగా ఆ సంతకం మాస్టర్‌ది. ఆయనకు డెబ్బై ఒకటి. మోకాళ్ళు రెండింటికీ ఆపరేషన్ తేదీ ఖాయమైంది. ఆ తర్వాత నేర్పలేనని సెంటరుకు రాసిచ్చాడు. క్లాసులోని పన్నెండుమందిలో పరీక్షకు కూర్చునే అర్హత సార్టర్ ఒక్కదానికే ఉంది. రెండోసారి తప్పినవాళ్ళకు ఆరు వారాల తర్వాత ఇంకో అవకాశం ఇస్తారు. అదీ తప్పితే రెండేళ్ళు ఆగాలి. మాస్టర్ ఆపరేషన్ ఏడో వారంలో ఉంది.

ఆమె తప్పింది కటాలో. కటా అంటే ఎదురుగా మనిషి లేకుండా, ఉన్నట్టే అనుకుని చేసే కదలికల వరస. ఈ కటాలో ఇరవై ఏడు కదలికలున్నాయి. పదిహేడులో ఎడమకు తిరిగి ఒక దెబ్బను అడ్డుకోవాలి. పద్దెనిమిదిలో చూపు ఎడమవైపే ఉంచి, కుడి పిడికిలి వెనకభాగంతో కుడిపక్క మనిషిని కొట్టాలి. మోచేయి తిన్నగా రావాలి. కొట్టే చేతిని కొట్టేవాళ్ళు చూసుకోకూడదు.

సోమవారం క్లాసు అయ్యాక మాస్టర్ ఆమె చేత ఐదుసార్లు చేయించాడు. కుడిపక్కన నిలబడి చూశాడు.

“ఐదుసార్లూ ఆగిందమ్మా. బెత్తెడు ఇవతలే.”

“నిండుగా చాచాను మాస్టర్.”

“నీకలా అనిపిస్తుంది.” ఆయన చేయి అందాల్సిన చోట అరచెయ్యి పెట్టాడు. “ఇదొక్కటే కొట్టు.”

ఆమె కొట్టింది. చప్పుడు హాలు చివరిదాకా వినిపించింది.

“కొట్టమంటే కొడుతున్నావు. కటాలో వస్తే ఆపేస్తున్నావు.”

“ఎందుకంటారు?”

“నాకే తెలిస్తే నువ్వీపాటికి పాసయ్యేదానివి.”

ఆమె ఇంట్లో రోజూ సాధన చేస్తుంది. ఉదయం ఐదు నుంచి ఐదూ నలభై దాకా, వంటింట్లో. రెండు గదుల ఇంట్లో మంచాలు, బీరువా, కుట్టుమిషను పోగా మిగిలిన నేల అదే. రోజుకు పదిసార్లు కటా. ఆదివారాలు, రెండు జ్వరాలు, ఆడపడుచు పెళ్ళి తీసేస్తే ఆరేళ్ళలో పద్దెనిమిది వేల పైచిలుకు. ఈ లెక్క అత్తగారిది. ఆవిడకు ఎనభై దగ్గరపడింది, నాలుగున్నరకే మెలకువ వస్తుంది. టీ కలుపుకుని వంటింటి గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. కోడలి కటాను ఆవిడ చూసినన్నిసార్లు మాస్టర్ కూడా చూడలేదు.

గురువారం ఉదయం సార్టర్ మూడోసారి పద్దెనిమిది దాకా వచ్చి చేయి దించేసింది.

“జంకంట అత్తయ్యా. నాకు జంకేంటి?”

“రాసినవాడికేం తెలుసే? నీ అంత ఒడుపున్న మనిషిని నేను చూళ్ళేదు. ఇంత ఇరుకులో అంత విసురుగా చేయి తిప్పుతావు, ఆరేళ్ళలో ఆ ఫ్రిజ్‌కి ఒక్క సొట్ట పడిందా? అదే మావాడైతే దాన్నీపాటికి జల్లెడ చేసేవాడు.”

సార్టర్ కుడివైపు చూసింది. పద్దెనిమిదో కదలికలో పాదాలు ఉండే చోట పాదాలు పెట్టి, చేయి మెల్లగా చాచింది. పిడికిలి ఫ్రిజ్‌కి ఆనింది. మోచేయి వంగే ఉంది.

అత్తగారు కుర్చీలోంచి లేచి, కుట్టుమిషను సొరుగులోంచి టేపు తెచ్చింది. ముందు ఫ్రిజ్ దాకా కొలిచింది. తర్వాత కోడల్ని గుమ్మంలోకి లాగి, చేయి తిన్నగా పట్టి కొలిచింది. తేడా మూడంగుళాలు.

“బెత్తెడే,” అంది.

“అయితే తప్పు నాది కాదన్నమాట.”

“నీదే. ఫ్రిజ్ కదల్లేదుగా.”

ఆ ఫ్రిజ్ కొని ఆరేళ్ళ రెండు నెలలు. సార్టర్ క్లాసులో చేరి ఆరేళ్ళ నెల.

ఆరు గంటలకు మాస్టర్‌కి చెప్పింది. ఆయన నేల మీద కూర్చుని మోకాళ్ళకు పట్టీలు కట్టుకుంటున్నాడు. ఒక పట్టీ కట్టడం పూర్తిచేశాడు.

“కొత్తది రావాలంటే మూడు వందల సార్లు చాలమ్మా. వచ్చినదాన్ని మాన్పించాలంటే మూడు వేలు.”

“ఎవరు చెప్పారు మాస్టర్?”

“మా మాస్టర్. ఆయనకెవరు చెప్పారో నేనడగలేదు.”

ఆమెకు ఆ అంకె సరిపోలేదు. పోస్టాఫీసుకు వెళ్ళాక సూపర్వైజరు దగ్గర పాత రిజిస్టరు అడిగి తీసుకుంది. రెండేళ్ళ కిందట ఆఫీసువాళ్ళు ముప్పై ఒకటి, ముప్పై రెండు గూళ్ళ పేటల్ని అటుదిటు మార్చారు. ఆమె చిరునామా సరిగ్గానే చదివేది. చెయ్యి మాత్రం పాత గూటికే పోయేది. తప్పు పేటకు వెళ్ళి తిరిగొచ్చిన ఉత్తరాలన్నీ రిజిస్టరులో ఉన్నాయి. మొదటిరోజు ఆ రెండు గూళ్ళకు రెండు వందల ఆరు ఉత్తరాలొస్తే నూట అరవై తొమ్మిది తప్పాయి. పంతొమ్మిదో రోజున ఒక్కటీ తప్పలేదు. ఆ పంతొమ్మిది రోజుల్లో ఆ గూళ్ళకు ఆమె చేతి మీదుగా వెళ్ళినవి మూడువేల ఎనిమిది వందల నాలుగు.

“ఇప్పుడెందుకివన్నీ? ఎవరైనా కంప్లయింటిచ్చారా?” అన్నాడు సూపర్వైజరు.

“లేదు సార్. నా చేతికి బుద్ధి రావడానికి ఎంత పడుతుందో చూసుకుంటున్నాను.”

మర్నాడు శుక్రవారంతో మొదలుపెడితే పరీక్షకు ముప్పై ఏడు రోజులున్నాయి. రిజిస్టరు లెక్కన రోజుకు నూట మూడు. కటా మొత్తం అక్కర్లేదు, పదహారు నుంచి పంతొమ్మిది దాకా చాలు. ఒక్కోదానికి పన్నెండు సెకన్లు. ఇరవై నిమిషాల చిల్లర.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్. సాయంత్రం ఇంటికి రాగానే విషయం చెప్పింది. అతను చొక్కా విప్పకుండానే ఫ్రిజ్ చుట్టూ తిరిగి చూశాడు.

“వేరే చోట చేసుకోకూడదా?”

“వేరే చోట సాధన చేస్తే అక్కడ చాచడం వస్తుందేమోనండీ. ఇక్కడికి రాగానే మళ్ళీ ఆపుతాను. నేర్చుకుంది ఇక్కడే. మానాల్సిందీ ఇక్కడే.”

“మరి దీన్నెక్కడ పెడతాం?”

“మంచం పక్కన.”

“ఎవరి వైపు?”

ఆమె అతని దిండు వైపు చూసింది. అతను టేపు తీసి కొలిచాడు. ఫ్రిజ్ డెబ్బై సెంటీమీటర్లు, వంటింటి గుమ్మం అరవై ఎనిమిది.

“మరి లోపలికెలా వచ్చిందిరా?” అంది అత్తగారు.

“అప్పుడు తలుపు లేదమ్మా. ఈవిడగారి గెంతులకి నీ నిద్ర చెడుతుందని తర్వాత పెట్టించాం.”

“నేనెప్పుడు నిద్రపోయాను?”

తలుపు, మడతబందులు ఊడదీస్తే గుమ్మం డెబ్బై రెండయింది. ఏడు గంటల పది నిమిషాలకు ఫ్రిజ్ పడకగదిలోకి చేరింది. అతని దిండుకు, దానికి మధ్య జానెడు దూరం.

“ముప్పై ఏడు రోజులు దీని పక్కన పడుకోవాలా నేను?”

“పదహారేళ్ళుగా నా పక్కన పడుకుంటున్నారు కదా.”

“నువ్వు తెల్లార్లూ గుర్రుమనవు.”

“నువ్వంటావురా. ఇవాళ్టి నుంచి ఒకళ్ళకొకళ్ళు తోడు,” అంది అత్తగారు.

ఫ్రిజ్ తీసేసిన చోట గోడకు పాత రంగు మిగిలింది. చుట్టూ గోడ పసుపుకు తిరిగింది, ఆ మేర మాత్రం తెల్లగా ఉంది. కుర్చీలోంచి చూస్తే సార్టర్ పిడికిలి ఆ తెలుపు అంచు దగ్గర ఆగుతోంది. అత్తగారు అంచుకు లోపల మూడంగుళాల దగ్గర పెన్సిలుతో నిలువుగీత గీసింది. కుట్టుపని మానేసి పదేళ్ళయినా ఆవిడ గుండీల డబ్బా పారెయ్యలేదు. తెల్ల గుండీలు ఒక గిన్నెలో, నల్ల గుండీలు ఒక గిన్నెలో పోసుకుని ఒళ్ళో మూడో గిన్నె పెట్టుకుంది. పిడికిలి గీత దాటితే తెల్లది వెయ్యాలి, దాటకపోతే నల్లది. సార్టర్ చూపు ఎడమవైపు ఉంటుంది కాబట్టి ఏది పడిందో ఆమెకు కనిపించదు.

శుక్రవారం ఐదింటికి మొదలుపెట్టింది. నూట మూడు అయ్యాక అత్తగారు గిన్నె ముందుకు జరిపింది. రెండు తెల్లవి, నూట ఒకటి నల్లవి.

“అడ్డం ఏమీ లేదు కదా అత్తయ్యా!”

“గోడకు లేదు. నీకుంది.”

రెండోరోజు నూట మూడూ నల్లవే. ఆ రోజు సార్టర్ టీ తాగకుండా క్లాసుకు వెళ్ళింది. మాస్టర్ అడిగాడు.

“రోజుకెన్ని చేస్తున్నావు?”

“నూట మూడు మాస్టర్.”

“నూరు చెయ్యొచ్చు కదా, లెక్క తేలిక.”

“నూరైతే నూట నాలుగు తక్కువొస్తాయి.”

ఆయన వెళ్ళి క్లాసు మొదలుపెట్టాడు.

పదోరోజు నల్లవి డెబ్బై ఒకటి. ఇరవయ్యో రోజు పంతొమ్మిది. ఈ మధ్యలో ఒకరోజు నల్లవి తగ్గకపోగా పెరిగాయి. ఆ రోజు తెలుపు వెయ్యాల్సిన చోట కొన్ని నలుపు పడి ఉండొచ్చని అత్తగారు ఒప్పుకుంది. కునుకు పట్టిందంది. సార్టర్ ఆ రోజుటివి లెక్కలోంచి తీసేసి సాయంత్రం మళ్ళీ చేసింది. ఇరవై ఏడో రోజు నల్లవి నాలుగు. ముప్పయ్యో రోజు ఒక్కటీ లేదు. ఆ తర్వాత మూడురోజులూ అన్నీ తెల్లవే.

ముప్పై నాలుగో రోజు యాభై ఎనిమిదోసారి చేస్తుండగా గిన్నెలో నల్ల గుండీ పడింది. చప్పుడుకే అది నల్లదని సార్టర్‌కు తెలిసింది. నల్లవి కోటు గుండీలు, బరువు.

“ఏమైంది?” అంది అత్తగారు.

“తెలీదు.”

ఇద్దరూ చెవులు రిక్కించారు. పడకగదిలో ఫ్రిజ్ గుర్రుమంటోంది. భర్త దాహమేసి లేచి, రోజూ మూసి ఉండే గది తలుపు తీసి, సీసా కోసం ఫ్రిజ్ తెరిచి మూశాడు. మోటారు మొదలైంది. ఆరేళ్ళుగా ఆమె కుడిచెవి పక్కన మోగిన చప్పుడే అది. కంటికి ఫ్రిజ్ లేకపోయినా చెవికి ఉంది.

భర్త సీసాతో గుమ్మంలోకి వచ్చాడు. అత్తాకోడళ్ళు ఇద్దరూ అతని వంకే చూస్తున్నారు.

“ఏం చేశాను నేను?”

“రేపట్నుంచి కూడా అదే చెయ్యండి,” అంది సార్టర్.

మిగిలిన మూడురోజులూ పడకగది తలుపు బార్లా తీసిపెట్టారు. భర్త మంచం మీద కూర్చుని, మోటారు ఆగినప్పుడల్లా అది మళ్ళీ మొదలయ్యేదాకా ఫ్రిజ్ తలుపు తీసిపట్టుకున్నాడు. పాలు రెండుసార్లు విరిగాయి. నల్ల గుండీలు మొదటిరోజు ఆరు, రెండోరోజు రెండు, శనివారం సున్నా.

ఆదివారం పది గంటలకు పన్నెండుమందీ స్పోర్ట్స్ సెంటరుకు వచ్చారు. మాస్టర్ కర్ర పట్టుకుని మెట్లెక్కాడు. అత్తగారిని బస్సు డ్రైవరు కుర్చీతో సహా ఎత్తుకొచ్చాడు. ఆవిడ కుడి గుప్పిట్లో ఒక తెల్ల గుండీ, ఎడమ గుప్పిట్లో ఒక నల్ల గుండీ ఉన్నాయి.

హాల్లో ఆరు వారాల కిందట లేనిది ఒకటి ఉంది. కుడిగోడకు కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెట్టారు. అద్దం తలుపు, లోపల లైటు. పరీక్ష ఇచ్చేవాళ్ళు నిలబడే గుర్తుకు అది నాలుగడుగుల దూరంలో ఉంది.

“అమ్మా, అటు చూడు,” అన్నాడు భర్త.

“చూశాను. నోర్మూసుకో.”

“వెళ్ళి ప్లగ్గు పీకెయ్యనా?”

“కూర్చోరా. పీకాల్సింది ముప్పై ఏడు రోజులు పీకాం.”

పది గంటల యాభై రెండు నిమిషాలకు సార్టర్ పేరు పిలిచారు. ఆమె గుర్తు మీద నిలబడి వంగి నమస్కరించింది. కటా మొదలుపెట్టింది. ఎనిమిదో కదలిక దగ్గర పరీక్షకుల్లో ఒకరు దగ్గారు. పద్నాలుగు దగ్గర ఫ్రిజ్ మోటారు మొదలైంది. సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. భర్త తల దించుకున్నాడు. బస్సు డ్రైవరు అతని భుజం పట్టుకున్నాడు.

పదిహేడులో ఆమె ఎడమకు తిరిగి అడ్డుకుంది. పద్దెనిమిదిలో కుడి చేయి బయల్దేరింది. మోచేయి తిన్నగా వచ్చింది. చొక్కా చేతి అంచు టప్పున కొట్టుకున్న చప్పుడు మోటారు చప్పుడు మీదుగా వెనక బెంచీ దాకా వినిపించింది. మాస్టర్ కర్ర నేలకు ఒకసారి తాటించాడు. అత్తగారు కుడి గుప్పిట విప్పింది. తెల్ల గుండీ నేల మీద పడి దొర్లుకుంటూ పరీక్షకుల బల్ల కిందికి పోయింది.

మిగిలిన తొమ్మిది కదలికలకు నలభై సెకన్లు పట్టింది. ఆమె మళ్ళీ నమస్కరించింది.

పదకొండూ ఇరవైకి పెద్ద పరీక్షకుడు ఆమెను బల్ల దగ్గరికి పిలిచాడు. ఈసారి కాగితం మడవలేదు. పద్దెనిమిది అంకె పక్కన ‘పూర్తి’ అని ఉంది. కింద ‘ఉత్తీర్ణత’ అని ఉంది.

“పోయినసారి ఇక్కడే జంకారు. ఆరు వారాల్లో ఏం చేశారమ్మా?” అన్నాడాయన.

“ఫ్రిజ్ తీసేశామండీ.”

ఆయన కుడిగోడ వైపు చూశాడు.

“అడ్డమనిపిస్తే ముందే చెప్పాల్సిందమ్మా. జరిపించేవాళ్ళం.”

వెనక బెంచీలో ముందు అత్తగారు నవ్వింది. తర్వాత క్లాసువాళ్ళెవరూ ఆగలేదు. బస్సు డ్రైవరు ఈలవేశాడు. పరీక్షకులు నిశ్శబ్దం అని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. మాస్టర్ తన నడుముకున్న బెల్టు విప్పి సార్టర్ నడుముకు చుట్టాడు. అంచులు పిగిలి, నలుపు పోయి దారాలు తెల్లగా కనిపిస్తున్నాయి. ముడి వెయ్యడానికి వంగబోయి, మోకాళ్ళు సహకరించక ఆగిపోయాడు. ముడి ఆమే వేసుకుంది.

మోటారు చప్పుడు ఎప్పుడు మొదలైందని భర్త దారిలో ఆమెను అడిగాడు.

“ఏ మోటారు?” అంది.

తర్వాతి సోమవారం మాస్టర్ ఆస్పత్రిలో చేరాడు. ఆ ఉదయం ఐదూ యాభైకి సార్టర్ సెంటరు రిజిస్టరులో సంతకం పెట్టి హాలు తాళం తీసింది. పదకొండుమంది వచ్చారు. ఆమె వాళ్ళను వరసగా నిలబెట్టి, కటా మొదలుపెట్టకుండా ఒక పుస్తకం తెరిచింది.

“ఇంట్లో ఎక్కడ సాధన చేస్తారో ఒక్కొక్కరే చెప్పండి.”

“ఇల్లెక్కడక్కా, డిపోలో. రెండు బస్సుల మధ్య,” అన్నాడు డ్రైవరు. అతను పక్కకు ఎప్పుడూ పూర్తి అడుగు వెయ్యడు.

“పిల్లలు పడుకున్న గదిలో,” అంది నర్సు. దెబ్బతో పాటు వెయ్యాల్సిన కేక ఆమె ఏనాడూ వెయ్యలేదు.

“బాల్కనీలో. పైన బట్టలారేసిన తీగుంటుంది,” అన్నాడు రిటైరైన గుమాస్తా. అతనికి ఐదేళ్ళుగా మెడ వంచకుండా నిలబడమని మాస్టర్ చెబుతూనే ఉన్నాడు.

పదకొండుమందివీ రాసుకునేసరికి ఆరూ పది అయింది. ఆమె పుస్తకం మూసి, వాళ్ళకు ఎదురుగా వచ్చి నిలబడింది.

ఫ్రిజ్ ఇంకా పడకగదిలోనే ఉంది.